గోలెం నుంచి గగనానికి...

శ్రీముఖలింగం గుళ్లో ఓ మట్టి గోలెం. అక్కణ్నుంచి సగం రోజు ప్రయాణం చేస్తే కొండల మీద యుద్ధవిమానాల ఇంజిన్లు తయారయ్యే ఊరు. విశాఖ బీచ్‌రోడ్డులో విశ్రాంతి తీసుకుంటున్న ఓ భారీ విమానం. ఈ మూడింటికీ ఏమిటి సంబంధం? వేడి! దాన్ని ఎవరూ మాయం చేయలేరు. ఒక చోటు నుంచి ఇంకో చోటికి పంపగలరంతే. ఆ పంపించే విద్య చుట్టూ తిరిగే యాత్ర ఇది.

మే నెల మధ్యాహ్నం శ్రీముఖలింగం వెళ్లినవాళ్లకు ముందుగా అనుభవమయ్యేది శిల్పాల అందం కాదు, అరికాళ్ల మంట. చెప్పులు బయట విడిచి ప్రాకారంలో అడుగుపెట్టగానే రాతిపలకలు చుర్రుమంటాయి. పిల్లలు ఒక్క పరుగున మండపంలోకి దూరిపోతారు. పెద్దవాళ్లు పరిగెత్తలేక, గోడ నీడ ఎంత మేరకుంటే అంతమేరా ఒదిగి నడుస్తారు. అదే గర్భగుడి దగ్గరకు వెళ్లేసరికి కాలికింద రాయి చల్లగా తగులుతుంది. బయటా రాయే, లోపలా రాయే. కానీ బయటి రాయి ఎండలో పడి ఉంది. లోపలి రాయిని కాపాడుతున్నవి మందపాటి గోడలు. ఎండ వేడి ఆ గోడ దాటి లోపలికి చేరేలోపే పొద్దువాలిపోతుంది. రాత్రికి ఆ వేడి వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

శ్రీకాకుళం నుంచి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున ఉందీ ఊరు. నరసన్నపేట నుంచి బస్సులుంటాయి. ప్యాసింజర్ రైల్లో వచ్చేవాళ్లు తిలారులో దిగుతారు. ఒకే ఊళ్లో మూడు ఆలయాలు... మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. చెట్టును నరికితే మొదట్లో స్వామి ముఖం కనిపించిందని, అదే ముఖలింగమైందని స్థలపురాణం. ఆ కథలో సవరలూ ఉంటారు. శివరాత్రి ఉత్సవాల్లో చక్రతీర్థ స్నానానికి వంశధార ఇసుకంతా జనంతో నిండిపోతుంది. తూర్పు గాంగులు ఏలిన కళింగనగరం ఇదేనని ఇక్కడి శాసనాలు చదివి వాదించినవాడు మన గిడుగు రామమూర్తి. 1863 ఆగస్టు 29న ఆయన పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే. శాసనాల లిపి ఎవరూ నేర్పకుండా తనంతట తానే నేర్చుకున్నాడాయన. పూరీ జగన్నాథాలయాన్ని కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడూ ఈ వంశం వాడే.

ఇంత చరిత్ర ఉన్న గుళ్లో భక్తులు ప్రత్యేకంగా అడిగి మరీ చూసేది మాత్రం ఓ మట్టిపాత్రని!

ద్వారం కంటే పెద్దది

గర్భగుడిలో లింగం వెనక ఉంటుందా గోలెం. ఊళ్లో ఎవరినడిగినా కథ చెబుతారు. పిల్లల్లేని ఓ కుమ్మరి స్వామికి మొక్కుకున్నాడట. మొక్కు ఫలించింది. కృతజ్ఞతగా తనకు తెలిసిన విద్యతోనే కానుక చేశాడు. పెద్ద గోలెం. తీరా మోసుకొస్తే గర్భగుడి ద్వారం చిన్నది, గోలెం పెద్దది. ఎలా తిప్పినా పట్టలేదు. కుమ్మరి కన్నీళ్లు పెట్టుకుంటే స్వామే దాన్ని లోపలికి చేర్చుకున్నాడట. సంతానం కోసం ఇప్పటికీ దంపతులు ఆ గోలేనికి మొక్కుకుంటారు.

ద్వారంలోంచి గోలెం ఎలా వెళ్లిందన్నది భక్తికి సంబంధించిన విషయం. మట్టిపాత్ర గోడలోంచి నీళ్లు ఎలా బయటికొస్తాయన్నది మాత్రం మన వంటింటికి సంబంధించినది. కాల్చిన మట్టిలో కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటిగుండా నీరు చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. పదిలీటర్ల కుండలో నీళ్లు పది డిగ్రీలు చల్లబడాలంటే ఎన్ని నీళ్లు ఖర్చవ్వాలో తెలుసా? లెక్కవేస్తే 175 మిల్లీలీటర్లు. అంటే ఓ గ్లాసుడు. ఒక్క గ్లాసు నీళ్లు గాలిలో కలిసి, మిగతా కుండంతటినీ చల్లబరుస్తాయన్నమాట.

అయితే ఇదే కుండ సముద్రానికి దగ్గరగా ఉన్న కళింగపట్నంలో ఉక్కపోత రోజుల్లో అంత బాగా పనిచేయదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. ఇక కొత్తగా ఆవిరిని తీసుకునేదెవరు? కుండ తప్పేమీ లేదు. వేడి తీసుకోవడానికి అవతల ఎవరో ఒకరు సిద్ధంగా ఉండాలి. ఈ చిన్న విషయమే ముందుముందు యుద్ధవిమానం దగ్గరా అడ్డం వస్తుంది.

పాలగిన్నె... నీళ్లపళ్లెం

చంటిబిడ్డకు పట్టే పాలు వేడిగా ఉంటే అమ్మ ఏం చేస్తుంది? గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెడుతుంది. కాసేపటికి పాలు గోరువెచ్చనవుతాయి, పళ్లెంలో నీళ్లు వెచ్చబడతాయి. పాలలో ఒక్క నీటిచుక్క కలవదు. వేడి మాత్రం గిన్నె గోడ దాటి అవతలికి వెళ్లిపోతుంది. ఇంజినీర్లు హీట్ ఎక్స్‌ఛేంజర్ అని పిలిచేది సరిగ్గా దీన్నే. రెండు ప్రవాహాలు, మధ్యలో ఓ లోహపు గోడ. అవి ముట్టుకోకూడదు, వేడి మాత్రం చేతులు మారాలి. గోడ ఎంత పలచన, ఎంత విశాలమైతే పని అంత త్వరగా అవుతుంది. రెండు ప్రవాహాలూ ఎదురెదురుగా సాగితే ఇంకా మంచిది. శివరాత్రి రోజు క్యూలో ఒక వరస లోపలికి, ఒక వరస బయటికి పక్కపక్కనే నడుస్తున్నట్టు. లోపలికెళ్లే ప్రతివాడికీ చివరిదాకా తనకంటే ముందు దర్శనం అయినవాడు ఎవరో ఒకరు ఎదురుపడుతూనే ఉంటాడు.

గోడ దేనితో చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు పక్క మండలంలోనే ఉంది. సారవకోట మండలం బూడితి. ఇత్తడి, కంచు సామానుకు పేరుపడ్డ ఊరు. బూడితి లోహకళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. ఈ రెండింటినీ కలిపి ఇత్తడి చేయాలంటే కొలిమి వేడి ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే. పైకి లేచే తెల్లటి పొగను చూసే జింకు పోతోందని గుర్తుపడతారు. థర్మామీటరు చేసే పని ఇక్కడ కళ్లు చేస్తాయి. ఒకప్పుడు పెళ్లికూతురి సారెలో బూడితి బిందె లేకపోతే చిన్నతనంగా ఉండేది. స్టీలు, ప్లాస్టిక్కు వచ్చాక బిందెల గిరాకీ పడిపోయి, ఇంటి అలంకరణ వస్తువుల వైపు మళ్లారు.

స్టీలుకు మారిన మనం ఓ సంగతి గమనించం. వేడిని తనగుండా పంపే విషయంలో రాగి స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పాతిక రెట్లు మెరుగు. ఇత్తడి ఏడెనిమిది రెట్లు. అందుకే బస్సుల, లారీల రేడియేటర్లు చాలాకాలంపాటు రాగి, ఇత్తడితోనే తయారయ్యాయి. తేలిగ్గా ఉండే అల్యూమినియం తరవాత వచ్చింది.

ఘాటీ చెప్పే పాఠం

రేడియేటరు అనగానే సాలూరు గుర్తుకురావాలి. లారీలకు పెట్టింది పేరు ఆ ఊరు. శ్రీముఖలింగం నుంచి హిరమండలం, పాలకొండ, పార్వతీపురం మీదుగా వెళ్తే సాలూరు వస్తుంది. అక్కణ్నుంచి సుంకి, పొట్టంగి వైపు ఘాటీ రోడ్డు పైకెక్కుతుంది. పాతతరం డ్రైవర్లకు ఈ ఎక్కుడంటే రేడియేటర్లు బుసకొట్టిన రోజులే గుర్తొస్తాయి. లోడు నిండా ఉంటుంది, ఇంజిన్ పూర్తి శక్తితో పనిచేస్తుంది, బండి మాత్రం నత్తనడక. వేడి పుట్టడం ఎక్కువ, దాన్ని తీసుకుపోయే ఎదురుగాలి తక్కువ. బండి పక్కకు ఆపి, మూత మీద గోనెపట్టా వేసి, జాగ్రత్తగా తిప్పి, నీళ్లు పోయడం... క్లీనరు మొట్టమొదట నేర్చుకునే పని అదే.

మైదానంలో లేని సమస్య ఘాటీలో ఎందుకొచ్చిందో అర్థమైతే, విమానం ఇంజిన్ సగం అర్థమైనట్టే. ఇంజిన్ ఎంత వేడెక్కుతుందన్నది ఒక లెక్క. ఆ క్షణాన వేడిని అందుకోవడానికి ఏం దొరుకుతుందన్నది రెండో లెక్క. ఈ రెండూ ఎప్పుడూ కలిసిరావు.

ఘాటీ ఎక్కి ఒడిశాలోకి అడుగుపెడితే సిమిలిగుడ, ఆ పక్కనే సునాబెడ. కోరాపుట్ జిల్లా. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేవరకూ ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లావే. ఇప్పటికీ బజార్లో తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజిన్ల కర్మాగారం ఉంది. 1964లో మొదలైంది. మిగ్-21 విమానాన్ని మన దేశంలో తయారుచేయాలనుకున్నప్పుడు పనిని మూడు చోట్లకు పంచారు. విమానం నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో, ఇంజిన్ ఈ కొండల్లో. ఆ మిగ్-21లు 2025 సెప్టెంబరు 26న వాయుసేన నుంచి సెలవు తీసుకున్నాయి. సునాబెడకు మాత్రం పని తగ్గలేదు. ఇప్పుడిక్కడ సుఖోయ్-30 ఎంకేఐ యుద్ధవిమానాలకు ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజిన్లు తయారవుతున్నాయి. 240 ఇంజిన్ల కోసం 26 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన ఒప్పందం 2024 సెప్టెంబరులో కుదిరింది.

రక్షణశాఖ కర్మాగారం కాబట్టి లోపలికి యాత్రికులను రానివ్వరు. కానీ లోపల తయారయ్యే ఇంజిన్‌లో ఓ చిత్రం ఉంది. అది తెలుసుకోవడానికి గేటు దాటక్కర్లేదు.

కరిగే వేడిలో కరగని రెక్క

జెట్ ఇంజిన్ పనిచేసే తీరు మాటల్లో చెప్పడం తేలిక. ముందు నుంచి గాలిని పీల్చుకుని, బాగా నొక్కి, ఇంధనంతో మండించి, వెనక్కి తన్నాలి. మండిన వాయువు బయటికి పోతూ పోతూ టర్బైన్ అనే చక్రాన్ని తిప్పుతుంది. ముందున్న గాలిని నొక్కే చక్రాలకు శక్తి దాన్నుంచే వస్తుంది. ఏఎల్-31 రకం ఇంజిన్లలో టర్బైన్ దగ్గరకొచ్చే వాయువు వేడి దాదాపు 1400 డిగ్రీలు. టర్బైన్ రెక్కలు నికెల్ మిశ్రలోహంతో చేసినవి. ఆ లోహం 1350 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది!

మరి రెక్క నిలబడేదెలా? దాని లోపల బోలుగా ఉంటుంది. సన్నటి దారులుంటాయి. వాటిగుండా గాలి ఊదుతూ ఉంటారు. ఆ గాలి రెక్కను లోపలినుంచి చల్లబరిచి, చిన్నచిన్న రంధ్రాల్లోంచి బయటికొచ్చేస్తుంది. కుండ చెమర్చినట్టే అనిపిస్తుంది కానీ, ఇక్కడ నీరు లేదు, ఆవిరీ లేదు. అంతా గాలే.

ఆ గాలి ఎక్కణ్నుంచి వస్తుందన్నదే అసలు చిక్కు. టర్బైన్ దగ్గరున్న ఒత్తిడిని తోసుకుని లోపలికెళ్లాలంటే బాగా నొక్కిన గాలే కావాలి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం పిల్లలకు కూడా తెలుసు. ఇంజిన్‌లో ఆ వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అంటే రెక్కను చల్లబరచడానికి పంపే ‘చల్లగాలి’ వంటింటి పొయ్యి మీద సలసల కాగే నూనెకు రెట్టింపు వేడి!

దీనికి ఏఎల్-31 రూపకర్తలు వేసిన ఎత్తు బాగుంటుంది. ఈ ఇంజిన్‌లో గాలి రెండు దారుల్లో వెళ్తుంది. ఒక దారి మంటల్లోంచి. రెండోది మంటను తాకకుండా చుట్టూతా ఉన్న సందులోంచి. ఆ రెండో దారిలో గాలి అంత వేడిగా ఉండదు. అందుకని రెక్కలకు పంపాల్సిన గాలిని ముందు గొట్టాల్లోకి మళ్లించి, ఆ గొట్టాలను ఈ సందులో పెట్టారు. లోపల వేడిగాలి, బయట అంతకంటే చల్లటి గాలి, మధ్యలో పలచటి గోడ. పాలగిన్నే, నీళ్లపళ్లెమే! దాంతో రెక్కలకు చేరే గాలి వేడి వంద డిగ్రీలకు పైగా తగ్గుతుంది.

వంద డిగ్రీలు ఓ లెక్కా అనిపించొచ్చు. కానీ రెక్క లోహపు వేడి ఓ పది, పదిహేను డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజినీర్లు ఒక మోటులెక్క చెబుతారు. గంటల తరబడి ఆకాశంలో ఉండే పైలట్‌కు ఆ గొట్టాల మీద ఎంత ఆధారముందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పైగా గొట్టాల దగ్గర పోయిన వేడి వృథా కాదు. చుట్టూ పారే గాలిలో కలిసి, ఇంజిన్ వెనకనుంచే బయటికి వెళ్తూ విమానాన్ని తోయడానికి తన వంతు సాయం చేస్తుంది.

బూడితి ఇత్తడి ఇక్కడ పనికొస్తుందా? రాదు. రాగి గానీ ఇత్తడి గానీ అంత వేడిలో మెత్తబడిపోతాయి. వేడిని అంతగా పంపకపోయినా, బలం చెడని లోహమే కావాలి. పంపడంలో లోటును గోడ పలచన చేసి, గొట్టాల సంఖ్య పెంచి పూడ్చుకుంటారు. మంచి ప్రవాహకం కంటే మంచి ఓర్పు ఉన్నదానికే ఓటు!

బయట చలి... లోపల సెగ

ఇది యుద్ధవిమానాల గొడవ, మనకెందుకులే అనుకోవడానికి లేదు. సెలవులకు విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లే కుటుంబాన్ని మోసే విమానంలోనూ ఇదే భాగోతం. ప్రయాణికులకు చల్లగాలి పంపే పద్ధతే చూడండి. చాలా విమానాల్లో ఆ గాలిని ఇంజిన్‌లోంచే తీసుకుంటారు. తీసుకున్నప్పుడు అది 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వరసగా హీట్ ఎక్స్‌ఛేంజర్లలోంచి పంపి, చివరికి వ్యాకోచింపజేసి చల్లబరుస్తారు. విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు లోపల ఉడికిపోవడం చాలామందికి అనుభవమే. సాలూరు ఘాటీ లారీలాగే... ఎదురుగాలి లేదు మరి.

ఇంజిన్‌లో తిరిగే ఇరుసులకు, పళ్లచక్రాలకు ఆయిల్ కావాలి. అది తిరిగి తిరిగి కాగిపోతుంది. మరోపక్క రెక్కల్లో నింపిన ఇంధనం ఆకాశంలో గంటలకొద్దీ గడిపి గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది. 35 వేల అడుగుల ఎత్తున బయట ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 50 డిగ్రీలుంటుంది. ఒకరికి వేడి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఇద్దరినీ ఒక గోడకు అటూ ఇటూ నిలబెడితే? ఆయిల్ చల్లబడుతుంది, ఇంధనం వెచ్చబడుతుంది. ఒకే దెబ్బకు ఇద్దరి అవసరమూ తీరిపోయింది. ఇంజినీర్ల వైభవమంతా ఇలాంటి చోటే కనబడుతుంది.

అంత చక్కటి ఏర్పాటే ఒకసారి 152 మంది ప్రాణాల మీదకు తెచ్చింది.

2008 జనవరి 17. బీజింగ్ నుంచి లండన్ హీత్రో వస్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777. దారిపొడవునా చలి. రెక్కల్లో ఇంధనం సున్నాకు దిగువన 34 డిగ్రీల దాకా చల్లబడింది. రన్‌వే కళ్ల ముందుంది. ఇంకో రెండు నిమిషాల్లోపే దిగిపోతారు. పైలట్లు ఇంజిన్ల వేగం పెంచబోయారు. రెండూ స్పందించలేదు! విమానం రన్‌వేకు ఇవతల గడ్డి మీద కూలినట్టుగా దిగింది. దెబ్బలు తగిలాయి, విమానం మళ్లీ ఎగరలేదు గానీ, ఒక్క ప్రాణమూ పోలేదు.

ఏం జరిగిందో తేల్చడానికి దర్యాప్తు అధికారులకు రెండేళ్లు పట్టింది. ఏ విమాన ఇంధనంలోనైనా కాస్త తేమ ఉంటుంది. అది మంచుగా మారి గొట్టాల లోపలి గోడలకు అంటుకుంది. దిగేటప్పుడు ఇంధనం జోరు పెరగ్గానే ఆ మంచంతా ఒక్కసారిగా ఊడి ప్రవాహంలో కొట్టుకొచ్చింది. వచ్చి ఎక్కడ ఇరుక్కుంది? ఆయిల్ వేడితో ఇంధనాన్ని వెచ్చబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ ముఖద్వారం దగ్గర. అందులో వెయ్యికి పైగా సన్నటి గొట్టాలు. వాటి కొసలు ముఖపలక నుంచి కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. మంచు వాటి మధ్య పేరుకుపోయి దారి మూసేసింది. వేడిని ఇవ్వాల్సిన చోటే మంచు గెలిచింది. అదే ఏడాది నవంబరులో అమెరికా మీదుగా వెళ్తున్న డెల్టా విమానానికీ ఒక ఇంజిన్‌లో ఇలాగే జరిగింది. తరవాత ఆ పరికరాన్ని మార్చారు. మార్పు ఎంత పెద్దదో అనుకునేరు... గొట్టాల కొసలు పలకకు సమానంగా ఉండేలా చదును చేయడమే ముఖ్యమైన మార్పు. కొన్ని మిల్లీమీటర్ల సంగతి!

గొట్టాలు ఎంత సన్నగా, ఎంత ఎక్కువ ఉంటే వేడి అంత బాగా మారుతుంది. అంతే తేలిగ్గా పూడుకుపోతాయి కూడా. విమానాలకు బరువు పనికిరాదు కాబట్టి పరికరాన్ని పెద్దదిగా చేసి ఊరుకోవడానికీ లేదు.

ఈ రంగంలో మనిషి చూసిన గొప్ప పనితనం ఒకటి 2019లో అమెరికాలోని కొలరాడోలో పరీక్షకొచ్చింది. బ్రిటన్‌కు చెందిన రియాక్షన్ ఇంజిన్స్ అనే సంస్థ చేసిన పరికరం అది. ధ్వనివేగానికి అయిదురెట్ల వేగంతో ఎగిరే విమానంలోకి దూసుకొచ్చే గాలి వెయ్యి డిగ్రీల వేడితో ఉంటుంది. దాన్ని సెకనులో ఇరవయ్యో వంతులో చల్లబరిచి చూపించారు. వెంట్రుకల్లాంటి గొట్టాల కట్టలతో. వేడిని గెలిచారు గానీ, డబ్బును గెలవలేకపోయారు. పెట్టుబడి దొరక్క 2024 అక్టోబరు 31న ఆ సంస్థ చేతులెత్తేసింది.

గెడ్డం కింద రంధ్రం

సునాబెడలో గేటు దాకానే వెళ్లగలం కాబట్టి, ఇంజిన్‌ను దగ్గరగా చూడాలనుకునేవాళ్లు విశాఖపట్నం రావాలి. ఆర్కే బీచ్ ఎదురుగా, కురుసుర జలాంతర్గామి ఉన్న రోడ్డులోనే, టీయూ-142 విమానం మ్యూజియంగా మారి నిలబడి ఉంది. నౌకాదళం కోసం 1988 నుంచి సముద్రం మీద గస్తీ తిరిగిన విమానమిది. 2017 మార్చి 29న అరక్కోణంలో వీడ్కోలు తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో మ్యూజియం మొదలైంది.

చూడగానే కళ్లు ప్రొపెల్లర్ల మీదికే వెళ్తాయి. నాలుగు ఇంజిన్లు. ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండేసి ప్రొపెల్లర్లు. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది రెండోవైపు తిరుగుతుంది. మొత్తం రెక్కలు 32. ఒక్కో ఇంజిన్ శక్తి దాదాపు 15 వేల అశ్వశక్తి. ప్రొపెల్లర్‌తో నడిచే ఇంజిన్లలో ఇంతటివి మళ్లీ ఎవరూ ఇంత విస్తారంగా వాడలేదు. టర్బైన్ వేగాన్ని ప్రొపెల్లర్‌కు తగినట్టు తగ్గించడానికి లోపల పళ్లచక్రాల పెట్టె ఉంటుంది. ఎంత నునుపుగా చేసినా పళ్లు రాసుకున్నచోట కొంత శక్తి వేడిగా మారక తప్పదు. నూటికి ఒక్క వంతు అనుకుందాం. 15 వేలలో 150 అశ్వశక్తి. అంటే 110 కిలోవాట్లకు పైనే. మన ఇళ్లలో వాడే గీజర్లు ఓ యాభైఅయిదు కలిపి ఒకేసారి ఆన్ చేసినంత వేడి... ఒక్క పెట్టెలో!

దాన్ని మోసుకుని బయటికొచ్చేది ఆయిల్. మరి ఆ ఆయిల్ చల్లబడేదెక్కడ? ప్రొపెల్లర్ వెనక, ఇంజిన్ గెడ్డం కింద చూడండి. గాలి వెళ్లడానికి తెరిచిన నోరు కనబడుతుంది. ఆయిల్ కూలర్‌కు గాలి అందేది అందులోంచే. మ్యూజియానికొచ్చిన పిల్లలు కాక్‌పిట్ కోసం, చక్రాల కోసం, రెక్కల కోసం ఎగబడతారు. ఆ నోటికేసి తలెత్తి చూసేవాళ్లు తక్కువ. విమానం ఎగిరినన్నాళ్లూ సముద్రం మీది చల్లగాలి అందులోంచే దూరి, లోపలి వేడిని అందుకుని, వెనకనుంచి వెళ్లిపోయేది. ఆ విమానం 29 ఏళ్లు ఎగిరింది.

సాయంత్రం అయిదు దాటాక వెళ్తే ఎండ తగ్గి, విమానం కింద నిలబడటం బాగుంటుంది. మధ్యాహ్నం వెళ్లినవాళ్లు మాత్రం దాని పొట్టకు చెయ్యి ఆనించకపోవడమే మంచిది. శ్రీముఖలింగం రాతిపలకల్లాగే చుర్రుమంటుంది!